ఉక్కురాలని ఎగరేసుకుపోయిన చిలకలు

"కూర్చోమనకు సోమక్కా, కూర్చునే తీరికెక్కడిది నాకు? టీ ఇలా నిలబడే తాగుతా, బెల్లం ముక్క చేతిలో పెట్టు. శనివారం మా టికిరిబండ పోయిన మూడో నెల దానం గదా. భిక్షువులకి పెరుగులోకి పాకం పొయ్యాలి, ఆ పాకానికి వాడి జీలుగ చెట్టు నుంచి తీపికల్లు దింపే పని నా నెత్తినేసుకున్నా. చూస్తే మూడు రోజులుగా కుండ ఖాళీ. ఎందుకంటావా? గిరామలిత్తా చిలకలు," అన్నాడు ఉక్కురాల.

బెంచీ మీద పియదాస నవ్వాడు. "పిచ్చుకంత పిట్ట, కుండెడు కల్లు తాగిందా మామా?"

"అదే చెప్పబోతుంటే అడ్డమొస్తావు. మొన్న పొద్దున చెట్టెక్కానా, కుండ అంచున ఒకటుంది. ఒళ్ళంతా ఆకుపచ్చ, నెత్తీ ముక్కూ నడ్డీ మాత్రం ఎర్రెర్రగా తాంబూలం వేసుకున్న నోరులా ఉన్నాయి. తప్పతాగి ఒంటికాలి మీద తలకిందులుగా వేలాడుతోంది. పాపమని తీసి చొక్కా జేబులో వేసుకున్నా. ఇంకా బీడీకట్టకి చోటు మిగిలింది."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అంది కొట్టు సోమావతి. "అవి పడుకునేదే తలకిందులుగా."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రానికి నలభై. నిన్న పొద్దున మూడొందలు. సూర్యకంద అడవిలో ఒక్క పిట్ట మిగలకుండా మన ఊరొచ్చేశాయి. చెట్టుకి ఆకన్నది కనబడదే, ఆకనుకుని చెయ్యేస్తే చిలక, కాడనుకుని పట్టుకుంటే చిలక కాలు." ఉక్కురాల ఓసారి రోడ్డు వైపు చూసి మళ్ళీ అందుకున్నాడు. "కసిరితే వింటాయా? కుండతాడు ముక్కులతో పట్టి లేపాయి. దానం కల్లు, నేనెట్టా వదుల్తా? కుండతోపాటు నేనూ లేచా. నీ కొట్టు మీదుగానే పోయాం అక్కా, కాలు తగిలి పెంకు పగిలింది, చూసుకో."

"మూడొందల పిట్టలు నిన్ను మోశాయా?" అన్నాడు పియదాస.

"దారిలో ఇంకో మూడువేలు కలిశాయిరా. రక్వాన దాటాం, మబ్బులూ దాటాం. అన్నీ తాగున్నాయా, అలవాటు కొద్దీ తలకిందులుగా ఎగరడం మొదలెట్టాయి. అవి తిరగబడితే కుండా తిరగబడాలి గదా, కల్లంతా ధారకట్టి పోయింది. కింద మూడూళ్ళలో చీమలు పట్టాయట, కావాలంటే అడుగు. 'అమ్మల్లారా, పోయినవాడి కోసం ఒక్క గ్లాసుడన్నా ఉంచండే' అని బతిమాలాను. వింటేగా."

టికిరిబండ భార్య సుదుమెనికే దీపం నూనె కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో ఎవరూ చూసుకోలేదు.

"పిట్టలు తాగాలన్నా ముందు ఎవరో ఒకరు పైకెక్కి గెల కొయ్యాలి గదా బావా," అంది. "పూటపూటకీ కొత్తగా కోస్తేనే చుక్క కారేది. నా గెల ఎండి కర్రయిపోయింది. నువ్వు పొద్దునా సాయంత్రం వస్తున్నావు, మాను మీద చెయ్యేస్తున్నావు, అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోతున్నావు. వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను."

పియదాస నవ్వబోయి మానేశాడు. టికిరిబండ పడి చచ్చిపోయింది ఆ చెట్టు మీంచేనని అక్కడ తెలియనివాళ్ళు లేరు.

ఉక్కురాల చేతిలో బెల్లం ముక్క కరిగి వేళ్ళకి అంటుకుంది. "మానుకి కట్టిన మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే వాడు పడ్డ చప్పుడు వినబడుతోంది మెనికే. మీ అందరికీ ఏమని చెప్పను?"

"ఇదే చెప్పాల్సింది. పాకం లేకపోతే భిక్షువులు చక్కెరతో తింటారు." సుదుమెనికే నూనె సీసా సోమావతికి అందించింది. "మూడు నెలలైంది, నేను మటుకు ఆ పెరట్లో అడుగు పెట్టానా?"