అన్న రక్తం

తిండి గొట్టంలో పుట్టిన క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని ఇంకా పూర్తిగా కోలుకోని అన్న, తన మాంసం కొట్టులోని కత్తి పట్టుకుని చెల్లెలింటికి వచ్చాడు. చెల్లెలు పడకగది తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

“పక్కకి జరుగు.”

“జరగను అన్నయ్యా. ముందు ఆ కత్తి కింద పెట్టు.”

“నీ మొగుడు లోపలున్నాడా లేడా?”

“ఉన్నాడు.”

“మరి పలకడేం? వీధంతా వినబడేలా అరిచే నోరు ఇవాళేమైంది?”

“నువ్వు కూర్చో. ఆయాసపడుతున్నావు.”

“నీ మూతి అద్దంలో చూసుకున్నావా? ముందు పళ్ళేవి? ఆ చెయ్యేంటి, అలా వేలాడుతోంది?”

“జారిపడ్డా.”

“పోయినసారీ జారిపడ్డావు. అంతకుముందూ జారిపడ్డావు. ఎప్పుడూ వాడి కాళ్ళ కిందే ఎందుకు జారతావే?”

“అరవకు. కుట్లు తెగుతాయి.”

“తెగనీ. ఎలాగూ పోయేవాణ్ణే. ఆపరేషన్‌కి ముందు నా రక్తం చూసి డాక్టరేమన్నాడు? వాపు చూపించే లెక్క పెరిగిపోయింది, ప్రోటీను అడుగంటింది, ఇలాంటి రక్తమున్నవాళ్ళలో గడ్డ తీసేసినా ఎక్కువమంది ఎంతోకాలం ఉండరన్నాడా లేదా?”

“ఎక్కువమంది అన్నాడు. అందరూ అనలేదు.”

“పోయేవాడికి ఆ తేడా దేనికి? నన్ను పట్టుకుని పోలీసులేం చేస్తారు, శవానికి సంకెళ్ళేస్తారా? వాణ్ణి మేకని కోసినట్టు కోసి నా దారిన నే పోతా. నువ్వూ పాపా సుఖంగా ఉంటారు. జరుగు.”

“డాక్టరు ఫోన్ చేశాడు.”

“ఏ డాక్టరు?”

“నీ డాక్టరే. నువ్వు ఎత్తట్లేదని నాకు చేశాడు. మొన్న పరీక్షకిచ్చిన రక్తం బాగుందట. వాపు దిగింది, ప్రోటీను పెరిగింది. స్కానింగులో గడ్డ ముక్కైనా కనబడలేదట. బతికే అవకాశమే ఎక్కువన్నాడు.”

“వాణ్ణి కాపాడుకోడానికి నాకు కథలు చెప్తున్నావు.”

“పాప మీద ఒట్టు.”

“పాప మీదా?”

“పాప మీదే. నువ్వు బతుకుతావు అన్నయ్యా.”

“బతుకుతానా... ఈ కత్తేంటి, ఇంత బరువెక్కింది? చస్తానన్నప్పుడు బరువనిపించలేదే.”

“కత్తి ఇటివ్వు.”

“ఉండు. పాపేది?”

“వదిన దగ్గరికి పంపేశా. పొద్దున వాడు దాని మెడ పట్టుకుని గోడకేసి కొట్టబోయాడు. అడ్డం పడ్డా. అప్పుడే విరిగింది చెయ్యి.”

“ఇది చెప్పి కూడా నన్ను ఆపుతావా? జైల్లోనే బతుకుతాలే. జరుగు ముందు.”

“జరగను. నీ అడుగు ఆ గదిలో పడకూడదు. నీ కత్తికి ఒక్క మరకా ఉండకూడదు. రేపట్నించి పాపకి నువ్వే దిక్కు.”

“నేనేంటి? నువ్వేమైపోతావు?”

“పోలీసులకి నేనే ఫోన్ చేశా, బయల్దేరారు. వాళ్ళొచ్చేసరికి నువ్విక్కడ ఉండకు.”

“ఏం చేశావే?”

“కుడిచెయ్యి విరిగితే, రోకలి ఎడంచేత్తో ఎత్తా అన్నయ్యా. వాడు కదలడం మానేసేదాకా ఎత్తుతూనే ఉన్నా.”