తెలియదని చెప్పిన తెలుగు పండితులు

1948 జూన్ 14వ తేదీన ఉదయగిరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ప్రవేశించిన శ్రీ పెంచలనరసింహం గారు, ఈ మాసాంతాన మా ఆత్మకూరు పాఠశాల నుండి పదవీ విరమణ చేస్తున్నారు.

ఉదయగిరిలో ఉన్నన్నాళ్లూ చెక్కగరిటెలు చేసేవారి వాకిళ్లలో కూర్చుని, వారి ఉలుల పేర్లూ చెక్కల పేర్లూ అడిగి తెలుసుకోవడం పండితులవారికి నిత్యకృత్యం. "చింతపండుకు పంపితే మాటలు మూటగట్టుకొచ్చినారు" అని వారి ధర్మపత్ని సుబ్బరత్నమ్మ గారు విసుక్కునేవారట. 1953లో ఆత్మకూరుకు బదిలీ అయి వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. చింతపండు మాత్రం సుబ్బరత్నమ్మ గారే తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

1955లో ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చారు. నాది అప్పటికి తాత్కాలిక నియామకం. నా ఉద్యోగమూ, మంచాన ఉన్న మా అమ్మ పోషణా వారి మంచిమాట మీదే ఆధారపడి ఉన్నాయి. తనిఖీ నాడు జవాబు తెలిసిన పిల్లలు కుడిచేయి, తెలియనివారు ఎడమచేయి ఎత్తాలని ముందుగా నేర్పి ఉంచడం మా బడిలో ఆనవాయితీ. కుడిచేతులను చూసి పిలుస్తూ నేను పాఠం సాఫీగా నడుపుతుండగా, చెంచులక్ష్మి అనే విద్యార్థిని లేచి, కుతూహలమంటే తెలుసుకోవాలనే వేడుక అని అప్పజెప్పి, ఎవరూ నేర్పని ప్రశ్న వేసింది.

"ఆ మాట యాడనుంచి వచ్చిందమ్మా?"

నాకు తెలియదన్నాను. ఇన్‌స్పెక్టరు గారి ముఖం మారింది. మాట మూలం తెలియని మనిషిని ఎందుకు ఉంచుకున్నారని ప్రధానోపాధ్యాయులను నిలదీశారు. అప్పుడు, తనిఖీ చూడడానికి వారి వెంట వచ్చి నిలబడి ఉన్న పండితులవారు ముందుకు వచ్చి, కుతువంటే నూనె పోసే తోలు సిద్దె అనీ, లోపలేముందోనని దానిని గీకి చూసే గుణమే కుతూహలమని కొందరు పెద్దలు చెబుతారనీ, మరికొందరు దానిని ఒప్పుకోరనీ వివరించారు.

"నిజమేందో నాకూ తెలియదండీ. ఆ బిడ్డ అడిగిందంటే, ఈయమ్మ పాఠం చెప్పినట్టే. తీసేయాలనుకుంటే ముందు నన్ను తీసేయండి" అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు చెంచులక్ష్మిని మెచ్చుకుని, నా నియామకాన్ని ఖాయం చేయమని సిఫారసు చేశారు. పండితులవారు ఆనాడు నోరు విప్పకపోతే ఈ వ్యాసం రాయడానికి నేను ఈ బడిలో ఉండేదాన్ని కాను.

మా అమ్మ కడదాకా నా చేతి అన్నం తిని, ప్రార్థనలో వారి పేరు తలుచుకుంటూనే ప్రభువు సన్నిధికి చేరింది. ఆ పుణ్యదంపతులకు చెదరని ఆరోగ్యాన్నీ నిండు ఆయుష్షునూ ప్రసాదించమని అమ్మ చేసిన ఆ ప్రార్థనను ఇప్పుడు నేను చేస్తున్నాను.

రెబెకమ్మ, సహాయోపాధ్యాయిని, ఆత్మకూరు