నత్తి బడి

ఆ హారన్ ఆపు ప్రేమానందం, నీకు దణ్ణం పెడతాను! రోజూ నా బడి గేటు ముందరే ఆ వ్యాన్ నిలబెట్టి మోగించకపోతే నీకు పొద్దు పోదా? లోపల పిలకాయలకి ఇంగ్లీషు అక్షరాల సౌండ్లు చెప్పుకునేదాన్ని. నీ మోతలో అన్నీ కలిసిపోయేవి. ఇంకిప్పుడు కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే. లోపల వినేదానికి ఎవరుండారు?

ఉండు, తలుపు తియ్యబాక. సరళ ఈరోజు నీ కాన్వెంటు వ్యాన్ ఎక్కతాదని నాకు తెలుసులే. కొత్త యూనిఫారం, మెడలో టై. ఆ టై చూడు, చెవి కిందికి పోయింది. వాళ్ల నాయన వెంగయ్య సోమశిలలో వల లాగి తెచ్చిందంతా ఈ టైకీ బూట్లకీ పోయుంటాది. అవ్వ మస్తానమ్మ నాట్లకి పోతా పోతా బిడ్డనిక్కడ నిలబెట్టి పోయింది. నాతో ఒక్క మాటన్నా చెప్పలేదు. నా బడిలో మిగిలిన ఆఖరు బిడ్డ ఇదే, తెలుసా నీకు? ఇది పోతే బడికి తాళమే.

నేనా? నాకేమబ్బా! ఉదయగిరి పక్కన యాడో ఒక బడికేస్తారు, పోతాను. నా సర్కారు జీతం యాడికీ పోదు. బడి పోతా ఉండాదని గాదు నా ఏడుపు.

పోయిన వారం ఏం జరిగిందో విని పో. బోర్డు మీద నేను ఎప్పుడూ చెప్పని మాట ఒకటి రాసినాను. సరళ లేచి వచ్చింది. వేలు పెట్టి ఫ్... ఇ... ష్... అనింది. మళ్లీ ఫ్... ఇ... ష్. పెదాలు కదుపుతానే ఉండాది. ఉన్నట్టుండి నా పక్కకి తిరిగి, "చేప గదా టీచర్!" అనింది.

ఎవరూ చెప్పలేదు ప్రేమానందం! బొమ్మ లేదు, పాట లేదు. దానంతట అదే కూడబలుక్కునింది. ఒక బిడ్డకి చదువు వచ్చే ఆ ఘడియలో ఎదురుగా నిలబడి చూసే భాగ్యం ఎన్నిసార్లు దొరుకుతాదయ్యా?

సాయంత్రం ఇంటికి పోయి అవ్వ ముందర గూడా అట్టనే చదివింది. అంతే, కొంప మునిగింది.

నత్తి ముదిరిందనుకునింది మస్తానమ్మ! ఆమె ఒక్కతే గాదు. కాలనీలో పిలకాయలందరూ ఇంటికాడ బ్... యా... ట్ అంటా ఉంటే తల్లులందరికీ అదే గుబులు. మాటలొచ్చిన బిడ్డలకి టీచరమ్మ నత్తి అంటిస్తా ఉండాదంట! నా బడికి పేరు గూడా పెట్టినారు, నత్తి బడి అని. ఒకరి తర్వాత ఒకరు మాన్పించేసినారు. మస్తానమ్మ మాత్రం ఇన్నాళ్లూ ఓపిక పట్టి, మాట తిరగాలని వసకొమ్ము అరగదీసి మనవరాలి నాలిక్కి రాసి పంపించేది. మండతా ఉండాది టీచర్ అని బిడ్డ నాకు నాలిక చూపించేది.

నవ్వబాక. ఆమె భయం ఆమెది. ఆమె చిన్నకొడుకు ఓబయ్యకి పుట్టునత్తి. కూలికి పోయినకాడ వాడి మాట వాడికే తిప్పి అప్పజెప్పి నవ్వుతారు. అంత మగోడు, నోరు తెరిచేదే మానుకున్నాడు. అది కళ్లారా చూసిన మనిషి, మనవరాలు ఫ్ ఫ్ అంటా ఉంటే ఎట్ట ఊరుకుంటాది చెప్పు?

చెప్పలేదా అంటావా? అందరినీ పిలిచి మీటింగ్ పెట్టినాను గదా! ఇది నత్తి గాదమ్మా, ఒక్కో అక్షరానికి ఒక్కో సౌండు, అవి కలిపితే మాట అవుతాదని బ్, బ్, బ్ అని చేసి చూపించినాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె పాపం, లేచొచ్చి నాకు మంచినీళ్ల చెంబు అందించింది. ఇంకేం చెప్పేది నా మొహం!

అదే నీ వ్యాన్ పిలకాయలైతే? ఎఫ్ ఐ ఎస్ హెచ్ ఫిష్, ఎఫ్ ఐ ఎస్ హెచ్ ఫిష్ అని ఊరంతా వినపడేట్టు గడగడా అప్పజెప్తారు. తల్లులకి కడుపు నిండిపోతాది. పోయినేడు నా దగ్గర మాని నీ వ్యాన్ ఎక్కినాడే రవికుమార్, వాణ్ణి ఒకరోజు ఆపి, పుస్తకంలో చేప బొమ్మని అరచేత్తో మూసి, ఇదేందో చదవరా అన్నాను. బిక్కమొహం వేసినాడు. బొమ్మ కనపడితేనే ఫిష్షు! నా దగ్గర నేర్చుకున్న సౌండ్లు గూడా పోయినాయి. సరళకీ అంతే. దసరా సెలవలకంతా తుడిచిపెట్టుకుపోతాది.

ఏందీ? "అది గాదు సుకన్య మేడమ్" అంటా ఆగినావే? అడుగు. నీ చూపు యాడికి పోతా ఉండాదో నాకు తెలియదా?

అవును. ముందు సీట్లో కిటికీకి తల ఆనించుకుని నిద్రపోతా ఉండేది నా కొడుకు శ్రీకాంతే. చేజర్లలో మా ఇంటికాడే గదా ఎక్కించుకుని వస్తావు.

వాళ్ల నాయన చేర్పించినాడని అందరికీ చెప్పుకుంటాను. అబద్ధం. నేనే చేర్పించినాను. ముందు ఈ బడిలోనే కూర్చోబెట్టినాను వాణ్ణి. ఒకరోజు ఇంటికి చుట్టాలొస్తే మా అత్త వెంకమ్మ, ఏదీ చదవరా అనింది. వాడు బ్... బ్... అని మొదలుపెట్టినాడు. కూర్చున్నోళ్లు కిసుక్కున నవ్వినారు. తెల్లారి పోయి ఆత్మకూరులో మీ కాన్వెంటుకి ఫీజు కట్టి వచ్చినాను.

మస్తానమ్మకైతే ఇంట్లో ఓబయ్య ఉండాడు. నాకేముండాది? నలుగురు నవ్వినారని, అంతే. బొమ్మ మూస్తే నా కొడుకు గూడా చదవలేడు. తెలిసీ పంపిస్తా ఉండాను. ఇంక ఈ బిడ్డని ఏ మొహం పెట్టుకుని ఆపేది?

తియ్యి, తలుపు తియ్యి. సరళా, ఎక్కమ్మా. నా మొహం అట్ట చూడబాక, ఎక్కు.