కొమరయ్య గారి తమిళం

కూర్చో తారక్, టీ తాగి వెళ్దువుగాని. ఏంటీ, కింద మీకంటే ముందు ఎవరుండేవాళ్ళనా? మీరు ఐదుగురు స్టూడెంట్లు సర్దుకుంటున్న ఆ బేస్‌మెంట్‌లో కొమరయ్య గారొక్కరే ఉండేవారయ్యా, పదిహేనేళ్ళ కిందటి మాట. అప్పుడు ఈ ఏజాక్స్ ఊళ్ళో మనవాళ్ళే తక్కువ, ఇప్పుడు మీ కాలేజీల పుణ్యమా అని వీధంతా మీరే. ఆయనది కరీంనగర్ వైపు, మిలిటరీ మనిషి. కూతురు వెనకాల ఈ దేశం వచ్చి, ఆ పిల్ల కాల్గరీ వెళ్ళిపోయినా ఇక్కడే ఉండిపోయారు. దుప్పటి మీద ముడత ఉండనిచ్చేవారు కాదు. మీ పక్కల సంగతి నేను మాట్లాడనులే. ఎనభై ఏడులో, లంకలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటుంటే మన సైన్యం వెళ్ళింది చూడు, అప్పుడు జాఫ్నాలో కాల్పుల మధ్య నుంచి దెబ్బతిన్న ఇద్దరిని భుజాన వేసుకొచ్చారు. పతకం ఇచ్చారు. దాన్ని సాక్సుల కింద దాచుకునేవారు. అడిగితే "ఇద్దర్ని తెచ్చిన సారూ, మూడో పిలగాన్ని ఇడిసిపెట్టొచ్చిన" అనేవారు.

ఎదురింట్లో తిలగవతి అని జాఫ్నా ఆవిడ. భర్త ఆ ఏడాది గొడవల్లోనే పోయాడు, ఎవరి తూటానో తెలీదు. ఈయన వెళ్ళి ఆవిడ వాకిట్లో మంచు ఎత్తేవారు, ఆవిడ ఏదో వండి పెట్టేది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తమిళంలో ఒకటే కబుర్లు. ఈ ఊళ్ళో ఆయన నోరు విప్పేది ఆవిడ దగ్గరే. "మా యాస నీకెలా వచ్చింది తంబీ?" అంటే, "మద్రాసులో ట్రైనింగక్కా" అనేవారు. ఆ యాస జాఫ్నాలో పట్టిందని నాకు తెలుసు. తెలిసే, ఆలోచించలేదు. నవంబరులో ఇక్కడ సైనికుల్ని తలుచుకుని ఎర్రపువ్వు పెట్టుకుంటారుగా, మన అసోసియేషన్ తరఫున ఆయనకి శాలువా కప్పుదామన్నాను. శాలువా కప్పకపోతే మనకి గౌరవించినట్టు ఉండదు కదా. నేనే ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. "మీ ఊళ్ళోనే పతకం తెచ్చుకున్నాడమ్మా, మీరు ముందు వరసలో కూర్చోవాలి" అన్నాను ఆవిడతో, ఎంత గర్వంగా అన్నానో. ఆవిడ "ఏ నెల?" అంది. అక్టోబరన్నాను. తలూపింది. నేను పక్కింటికి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఆ మాట చెప్తే కొమరయ్య గారు "చెప్పేసిండ్రా సారూ" అన్నారు, అంతే. ఆ చలిలో బూట్లైనా వేసుకోకుండా చెప్పులతోనే రోడ్డు దాటారు. ఆవిడ తలుపు తీసింది. కిటికీలోంచి నాకేం వినపడుతుంది? చాలా రోజులకి ఆయనే చెప్పారు. "నా మీద కోపం లేదంది సారూ. తనతోటి తమిళం మాత్రం ఇగ మాట్లాడకన్నది."

సన్మానానికి ఆయన రాలేదు. ఆవిడ వాకిట్లో మంచు మాత్రం ఎత్తారు, తను పోయేదాకా, నాలుగేళ్ళు. ఎదురుపడితే ఈయన "గుడ్ మార్నింగ్", ఆవిడ "థాంక్యూ". ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అదే. నేనేమో ఆ ఇద్దరిలో ఒక్కరికైనా తప్పైపోయిందని... సరేలే. నీ షిఫ్టు ఎన్నింటికి?