సూదికి పసుపు

కొవ్వూరులో ఒక శుక్రవారం ఉదయం, కొత్త గ్యాస్ స్టవ్ మీదికి వంగి మెకానిక్ పరీక్షగా చూస్తున్నాడు. ఇంటావిడ పక్కనే నిలబడింది.

“టిక్కు టిక్కుమంటోంది గానీ ఒక్క పొయ్యీ వెలగట్లేదు బాబూ.”

“సిలిండర్లో గ్యాస్ ఉందాండి?”

“మొన్ననే మార్చాం.”

“అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుందాండి?”

“అగ్గిపెట్టె ఎక్కడుంది? ఈ స్టవ్ వచ్చాక ఇంక మాకెందుకని ఉన్నవన్నీ పక్కింటి వరహాలమ్మగారికి ఇచ్చేశాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? పొద్దుట్నుంచి దేవుడికి దీపం కూడా లేదు.”

“బర్నర్ పక్కన ఈ సూది చూశారా? నిప్పురవ్వ వచ్చేది దీన్నుంచేనండి. దీనికి పసుపెవరు రాశారండి?”

“శుక్రవారం పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టకుండా ఎలా ముట్టిస్తాను? రెండు సూదులకీ నేనే రాశాను.”

“ముందువైపు రేకుకి పెట్టుకోండమ్మా. సూదుల జోలికి మాత్రం వెళ్లకండి.”

అతను గుడ్డతో సూదులు తుడిచి రెండు మీటలూ తిప్పాడు. రెండు పొయ్యిలూ వెలిగాయి.

“మీ ఇంట్లో పెట్టరా ఏంటి?”

“మా అమ్మ పెడుతుందండి. సూదిక్కూడా.”

“మరి మీ స్టవ్ ఎలా వెలుగుతోంది?”

“రెండేళ్ళ నుంచీ అగ్గిపుల్లతోనేనండి.”