క్యూబెక్‌ల నారయ్య పెట్టిన బోరు పాయింటు

"కూసో సాల్మన్ రాజూ, నీ ఆటో ఏడికి పోదు. రూత్ చెల్లె, అందరికి చాయ్ పొయ్యి. ఇయ్యాల ఎవరొస్తున్నరో తెలుసా? పోలీసాయన! పట్టుకపోనీకె కాదు, పాస్‌పోర్టు ఎంక్వైరీకి. ఆయన మంచిగ రాసి పంపితెనే నాకు పాస్‌పోర్టు. గది చేతికొస్తెనే నేను, మా ఇంటామె బాలనర్సమ్మ క్యూబెక్ పోయేది. కెనడాల ఉంటది. ఊరంత ఫ్రెంచి మాట్లాడుతరు. చుట్టు కోట గోడ, రంగురంగుల ఇండ్లు, రాళ్ళ బాట, దాని మీద తెల్లటి మంచు. బాలనర్సమ్మకు కొత్త గని నాకేం కొత్త? నాకిది రెండోసారి. ఉట్టిగ రెన్యువల్‌కు ఇచ్చిన."

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన రూత్ చాయ్ బండి దగ్గర నారయ్య అలా మొదలుపెట్టాడు. ఆయన పని బోరు పాయింట్లు చూడడం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు వెయ్యమంటాడు. ఎదుట ఆటో నడిపే సాల్మన్ రాజు, కోస్తా నుంచి వచ్చి మన్నెగూడలో ఇల్లు కట్టుకున్న రిటైర్డు మాస్టారు కృష్ణారావు కూర్చున్నారు. బల్ల చివర ఒక కొత్త మనిషి, ఒళ్ళో ఫైలు.

"మొదటిసారి ఎప్పుడు పోయినవ్?" అన్నాడు ఆ కొత్త మనిషి.

"రెండేండ్ల కింద. పది దినాలున్న. కావాలంటే రాసుకో అన్నా, నాకేం భయం! మొదలు పెద్ద పనేం చెయ్యలే, ఉన్నదున్నట్టు చెప్తున్న. నేను దిగిన హోటల్ల నల్లాలన్ని గడ్డకట్టినయి. చుక్క నీళ్ళు లెవ్వు. హోటలాయన నెత్తి పట్టుకొని కూసున్నడు. 'ఫికర్ చెయ్యకు బాపు' అని పెట్టెల నుంచి కొబ్బరికాయ తీసిన."

"విమానంలో కొబ్బరికాయ ఎలా తీసుకెళ్ళావయ్యా?" అన్నాడు కృష్ణారావు.

"పిలక తియ్యని కాయ సార్. నన్ను పూజారి అనుకొని సలాం కొట్టి పంపిండ్రు. ఇగ అరచేతిల పెట్టి ఒక్క అడుగేసిన్నో లేదో, కాయ టక్కున నిలవడ్డది. నిలవడి ఊకుంటదా? గుంజుడు మొదలువెట్టింది! మెట్లెక్కిచ్చింది, మెట్లు దిగిచ్చింది, కోట గోడ దుంకిచ్చింది, మంచుల జర్రున ఈడ్సుకపోయి ఊరవతల ఒక పెద్ద చెట్టు కాడ ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీళ్ళు పడ్డయా?" అన్నాడు సాల్మన్ రాజు.

"భూమిల నీళ్ళు పడితే నీకెందుకు చెప్తరా తమ్మీ? ఆడ చెట్టుకే బోరేస్తరు! అవ్, మేపుల్ చెట్టు. మనోళ్ళు తాటిచెట్టుకు కల్లు గీసినట్టు, జర బొక్క పెడితే తియ్యటి నీళ్ళు కారుతయి, మరగబెడితే పాకం. వాళ్ళకు చుక్క చుక్క కారుతది. నాది నారయ్య పాయింటు గద, సర్రున లేచింది! మరగబెట్టే పనే లేదు, సీదా పాకమే. మొదలు బకెట్లు పెట్టిండ్రు. నిండినయి. డ్రమ్ములు పెట్టిండ్రు. నిండినయి. పడవలు మోసుకొచ్చి పెట్టిండ్రు. అవి గూడ నిండి, వీధులన్ని పారి, కిందున్న పెద్ద నదిల కలిసింది. నది గట్టిపడ్డది. ఓడలు జిలేబి మీది ఈగల లెక్క ఏడియాడ్నే అంటుకున్నయి. ఇగ చీమలు రాకుంటుంటయా?"

"గంత మంచుల చీమలేడియన్నా?" అంది రూత్.

"స్వెట్టర్లు ఏసుకొని వచ్చినయి చెల్లె! ఒక్కొక్కటి మేకపిల్లంత. ఊరంత గోడలకు, మెట్లకు అతుక్కపోయింది. మేయరుకు ఒక కాలు అతికింది, ఇంకో కాలు గాలిల. ఫ్రెంచిల ఏడుస్తున్నడు."

"నీకు ఫ్రెంచి వస్తదా?" అన్నాడు కొత్త మనిషి.

"ఏడుపు ఏ భాషయితే ఏంది అన్నా? నేను ఆలోచన చేసిన. తియ్యగున్నది, నది నిండ ఉన్నది, చాయ్‌కి ఇంకేం తక్కువ? రూత్ కట్టిచ్చిన చాయ్‌పత్తా సంచి పెట్టెల ఉండె. మొత్తం నదిల గుమ్మరిచ్చిన. మూడు వేల ఆవులను పిండిపిచ్చిన. నది కింద మంట పెట్టిచ్చిన."

"నది కిందనా?" అన్నాడు సాల్మన్ రాజు.

"మరి పైన పెడతరా? చాయ్ ఎన్నడన్న కాసినవా? సముద్రం దాక ఒక్కటే చాయ్! ఊరంత మూడు దినాలు తాగి నదిని ఖాళీ చేసిండ్రు. అతుక్కున్నోళ్ళను చీమలు నాకి విడిపిచ్చినయి. మేయరు తన కుర్చీ తెచ్చి నా ముంగట ఏసి కూసొమ్మన్నడు. 'వద్దు బాపు, ఇంటికాడ బాలనర్సమ్మ ఒక్కతే ఉంటది' అని వచ్చేసిన. గసొంటోనికి ఆ పోలీసాయన పాస్‌పోర్టు ఎట్ల ఇయ్యడో నేనూ చూస్త!"

కొత్త మనిషి గ్లాసు కింద పెట్టి ఫైలు తెరిచాడు.

"ఆ పోలీసాయన్ని నేనే నారయ్యా. దరఖాస్తుల మొదటి పాస్‌పోర్టు అని రాసిచ్చినవ్, ఇంతకుముందు ఏదీ లేదన్నవ్. ఈడేమో రెండోసారి పోతున్న అంటున్నవ్. రెండిట్ల ఒకటి అబద్ధం. అబద్ధం దరఖాస్తుల ఉంటే పాస్‌పోర్టు రాదు. చెప్పు, నేనేం రాయాలె?"

నారయ్య అందరి మొహాలూ చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల మీద ఆయన మాటకు ఎదురులేదు. ఆయనకు సిగ్గేసింది, అయినా గొంతు తగ్గించలేదు.

"రాయుండ్రి సార్. నేను ఎన్నడు పోలే. క్యూబెక్ కాదు, కర్నూలు గూడ పోలే. ఎరువుల దుకాణపోళ్ళు ఇచ్చిన క్యాలెండర్ల ఆ ఊరి బొమ్మ ఉండె. ఆరేండ్లయితున్నది, బాలనర్సమ్మ దాన్ని గోడకెల్లి తియ్యనియ్యదు. గా బాట మీద ఒక్కసారి నడవాలె అంటది. అన్నం తినుకుంట, ఆడ తిరిగినట్టు చెప్పమంటది. చెప్పి చెప్పి నేను పోయొచ్చినట్టే అయింది. ఆమెను తీస్కపోవాలె సార్. నాకు గంతే కావాలె."

"అయితే ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలె, ఈయన దేశం దాటలేదని."

సాల్మన్ రాజు అప్పటికే పెన్ను అందుకున్నాడు. "దేశం ఏంది సార్, ఈయన పెద్ద అంబర్‌పేట్ దాటాలన్నా నా ఆటోనే ఎక్కాలె. నేను సాక్షి."

"నేనూ పెడతానండీ," అన్నాడు కృష్ణారావు. "మా ఇంట్లో ఈయన చూపించిన పాయింటులో ఇప్పటికీ దుమ్మే వస్తోంది. మనిషి మాత్రం మంచోడు."

పోలీసాయన సంతకాలు చూసుకుని, మూడు వాక్యాలు రాసి ఫైలు మూశాడు. "పాస్‌పోర్టు ఇంటికే వస్తది. బాలనర్సమ్మ కాయితాలు గూడ సాఫుగున్నయి."

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో నారయ్య బల్ల మీద కాలు పెట్టి లేచాడు.

"చూసినర్రా! సర్కారు మనిషి పని బంద్ పెట్టుకొని నా కత విన్నడు! క్యూబెక్ పోలేదని ఇద్దరు సాక్షులతోటి సర్కారు రాసుకున్నోన్ని ఈ పట్నంల నేనొక్కన్నే! ఇగ ఇది ఏం చూసినరు? నిజంగ పోయొచ్చినంక చెప్త చూడుండ్రి. గప్పుడు ఇంటరు అసలు కత!"

రూత్ గ్లాసులు ఏరుకుంటూ అంది:

"గప్పుడెట్ల చెప్తవన్నా? బాలనర్సమ్మ పక్కనే ఉంటది గద."