గాదెలోకి వినపడ్డ మాట

సెప్పు, ఏటి సూసినావు ఆ పుస్తకంలో? అట్ట సూపించకు, అట్ట నాకూ కనబడతాది. లోపల ఏటి సూసినావు? రేపు ఇజీనారం కాలేజీలో మైకు పట్టుకుని సెప్తావంట కదా, ‘నవలలో నాకు నచ్చిన పాత్ర’ అనీసి. పొద్దున్నుంచీ అద్దం ముందు నిలబడి వల్లిస్తన్నావు, నాను సెవిటిదాన్ని కాదు. ‘అతనికి భయమంటే ఏమిటో తెలియదు, అందుకే అతనంటే నాకిష్టం.’ అంతేనా? అంత లావు పుస్తకం సదివితే నీకు అదొక్కటే కనిపించినాదేటే అరుణా? కోపం కాదే. కూకో. ఆ సెల్లు పక్కనెట్టు. నువ్వు మాటాడింది ఫోన్లో తీసి అందరికీ పంపుతారన్నావు సూడు, అప్పట్నుంచీ నీ ఎనకాలే తిరగతన్నాను. నవ్వకు. కథలో నీకెవరిష్టం అని అడగడం సిన్న మాట అనుకుంటన్నావు. ఆ మాటకి జవాబు సెప్పి, బతుకంతా ఆ జవాబు కింద పడి నలిగిపోయిన మనిషి మాయప్ప.

ఏ అప్పంటే ఏటి సెప్తాను, నా తోడబుట్టిన పెద్దది, సొంత అప్ప, బుల్లమ్మ. మీయమ్మ పెళ్ళికి ముందే పోనాది, నీకెలగ తెలుస్తాది. నరసన్నపేట అవతల మా ఊళ్ళోనే ఇచ్చినారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుణ్ణి పాము కరిసింది. పిల్లా జెల్లా నేదు. ఇంట్లో అప్ప, మరిది గంగులు, తోడుకి నాను. నాకింకా పెళ్ళవలేదు. గంగులు ఎనిమిదో తరగతి సదివినాడు, మా ఈధిలో అంత సదువు మరోడికి నేదు. మనిషి సన్నం, గొంతు మాత్రం ఇంత. ఏరుసెనగ కాయలొచ్చిన రోజుల్లో ఒలవడానికి ఆడోళ్ళందరం అప్ప వాకిట్లో కూకునీవోళ్ళం. వాడు అరుగు మీద కూకుని నవల సదివీవోడు. ఆ పుస్తకానికి అట్టే నేదు, ఎన్ని సేతులు మారినాదో. పేరేటో, రాసిందెవరో ఇప్పటికీ నాకు తెల్దు. కథ మాత్రం తెలుసు. సత్తెన్న అని ఒకడు జమీందారుకి ఎదురుతిరిగి దాక్కుంటాడు. వాడికీ భయం అంటే తెల్దులే, నీవోడికి మల్లేనే. వాడి మాటొస్తే కాయలొలిసే సప్పుడు ఆగిపోయీది. మా సేతులు గాల్లో అలా ఉండిపోయీవి.

ఆ కథలో నూకాలని ఒకర్తి ఉన్నాది. జమీందారు మనుషులు దాని పిల్లని నూతి గట్టు మీద నిలబెట్టి, సత్తెన్న ఎక్కడున్నాడే అంటారు. అది నోరిప్పదు. వేలెత్తి సూపిస్తాది, అంతే. ఆ రోజు ఆడోళ్ళు తిట్టిన తిట్లు ఇంటే నువ్వు సెవులు మూసుకుందువు. మా పక్కింటి మరిడమ్మయితే గుప్పెడు తొక్కలు తీసి పుస్తకం మీదికే ఇసిరినాది. గంగులు పుస్తకం మూసీసి, “ఇలాటిదాన్ని నిలువునా పాతీయాల” అన్నాడు. మాయప్ప ఒక్కర్తే తిట్టలేదు. కాయలు ఒలుస్తానే అడిగింది, “మరా పిల్లేమైనాది గంగులూ?” వాడు కాయితాలు అటూ ఇటూ తిప్పినాడు. “అది రాయలేదు వదినా.” “పిల్ల సంగతి రాయకుండా ఎలగ ఒగ్గీసినాడే” అనుకుంటా లోపలికెళిపోయినాది.

ఆ రోజులు సెప్తే నువ్వు నమ్మవు. కూలి పెంచమని నోరిప్పితే సాలు, పోలీసోళ్ళొచ్చి ఇంట్లో కుండలు కూడా పగలగొట్టి సోదా సేసీవోళ్ళు. ఎళ్ళినోడు తిరిగొస్తాడో నేదో తెలీదు. కుక్క మొరిగితే మాకు అన్నం దిగీది కాదు. గంగులు కూలోళ్ళ సంఘంలో తిరిగీవోడు. ఓ రోజు మిట్టమద్దినేళ కబురొచ్చినాది, నీ కోసం జీపు బయల్దేరినాది అనీసి. పారిపోడానికి టైమేదీ? వాకిట్లో ధాన్యం గాదె ఉన్నాది. ఎదురుబద్దల్తో అల్లి, పేడ అలికి, మీద గడ్డి కప్పింది. అందులో ధాన్యం అడుక్కి వచ్చేసినాది. అప్ప వాణ్ణి అందులోకి దింపి, మీద కాళీ గోనెలు పడీసినాది. పుస్తకం మాత్రం తొక్కల్లో ఉండిపోయినాది, మాకెవరికీ తోచలేదు.

ఇనస్పెట్రు అంటే మీసాలు, కేకలు అనుకుంటాం కదా. కాదే. సన్నగా, మెత్తగా మాటాడీవోడు. మా ఈధోళ్ళందర్నీ తెచ్చి మా వాకిట్లోనే కూకోబెట్టించినాడు. తనకి మంచం ఏయించుకున్నాడు. ఎక్కడ? నీడ ఎక్కడుంటే అక్కడ. గాదె పక్కన. గాదెకే వీపానించి కూకున్నాడు. లోపలోడు గట్టిగా ఊపిరి పీలిస్తే ఆయన వీపుకి తెలుస్తాది. నాను మాయప్ప మొకం సూడలేదు, సూస్తే నా మొకం సూసి ఆయన కనిపెట్టీస్తాడని. పుస్తకం తీసి తొక్కలు దులిపినాడు. “ఇది నేనూ చదివాను. బాగుంటుంది” అన్నాడు. “గంగులు మీ అందరికీ చదివి వినిపిస్తాడట కదా. చెప్పండి, భయం లేదు. ఇందులో మీకెవరంటే ఇష్టం? ఎందుకిష్టం?” అంటా లాఠీతో గాదె మీద సిన్నగా కొడతన్నాడు. టక్కు, టక్కు. కూర్మయ్య పౌరుషం మనిషి, “సత్తెన్న” అన్నాడు. “ఎందుకు?” “వాడికి భయం నేదు.” అంతే, కూర్మయ్యని జీపు దగ్గరికి లాక్కుపోయినారు. ఆ దెబ్బలు మాకు ఇనపడతన్నాయి. ముసలి ఎల్లాజీ సేతులు కట్టుకుని, “జమీందారుగారు బాబూ” అన్నాడు. “ఎందుకయ్యా?” “పొద్దుటే కాపీ తాగుతాడు బాబూ, అది నాకు నచ్చినాది.” పోలీసోళ్ళు కూడా నవ్వీసినారు. మాకు నవ్వు రాలేదు. నన్నడిగితే, “నాను నిద్రోయీదాన్ని బాబూ, పగలంతా కలుపు తీసొచ్చి” అన్నాను. తర్వాత ఆయన వేలు మాయప్ప మీదికి తిరిగినాది. “నువ్వు చెప్పమ్మా. ఇల్లు నీదే కదా.”

“నూకాలు బాబూ” అన్నాది.

కాయలు ఒలిసినప్పుడు సప్పుడు ఆగిపోయీది అన్నాను సూడు, అలగ ఆగిపోయినాది వాకిలంతా. లాఠీ కూడా ఆగిపోయినాది. “ఆ పట్టించినదా? ఎందుకమ్మా?” అప్ప తలెత్తి సెప్పినాది. “దానికి భయమేసినాది బాబూ. ఈ పుస్తకంలో మరెవళ్ళకీ భయం నేదు. భయం నేని మనిషిని నాను ఎక్కడా సూడలేదు. నూకాల్ని అయితే సూసినాను. మా ఈధిలో ఉంటాది. ఈ ఇంట్లోనూ ఉంటాది.” ఆయన నవ్వి, మంచం మీంచి లెగిసినాడు. “ఈ ఊళ్ళో నిజం చెప్పినదానివి నువ్వొక్కదానివే. నీ మరిది వస్తే నోరు విప్పక్కర్లేదు, నూకాల్లాగా వేలు చూపించు, చాలు.” “అలాగే బాబూ” అన్నాది మాయప్ప. మరేటంటాది, నువ్వు సెప్పు? ఇంకేటనాలి? ఇల్లు ఎతికినారు గానీ, వీపానించి కూకున్న గాదె జోలికి మాత్రం పోలేదు. కూర్మయ్యని ఏసుకుని ఎళిపోయినారు.

జనం ఎవరిళ్ళకి వాళ్ళు పోనారు. అప్పతో ఒక్కరూ మాటాడలేదు. అప్ప పొయ్యి రాజేసి గంజి కాసినాది. తర్వాత గంజిలో ఉప్పేసి, ఉల్లిపాయ పట్టుకుని, “పాపం, పొద్దున్నుంచీ ఏటీ తిన్లేదే ఆడు” అంటా దొడ్డి తిరిగి గాదె దగ్గరికెళ్ళినాది. గోనెలు తీసింది. లోపల ఎవరూ నేరు. మొలలో కత్తితో ఎనకాల బద్దలు కోసుకుని ఎళిపోయినాడు. ఎందుకెళ్ళినాడు? ఆ వాకిట్లో మేం ఇన్నదంతా ఆడూ ఇన్నాడు. మొకం సూడలేదు, మాటే ఇన్నాడు. వదిన నూకాలంటే ఇష్టమన్నాది, అలాగే బాబూ అన్నాది. ఇక్కడుంటే సాయంత్రానికి వేలు సూపిస్తాది అనుకున్నాడు. సీకటి పడేదాకా ఆగలేకపోనాడు. పట్టపగలు సేలకి అడ్డంపడి పరిగెత్తి రోడ్డు దాటతంటే, పక్కూరెళ్ళి తిరిగొస్తన్న జీపే ఎదురైనాది. వాణ్ణి కట్టి మా ఊరి మీంచే తెచ్చినారు. మా ఇంటి ముందుకొచ్చీసరికి ఆ గొంతుతో అరిసినాడు, ఈధంతా ఇనేలాగ. “నూకాలు! మా వదిన నూకాలు!” మాయప్ప సేతిలో ఆ గంజి గిన్ని అలాగే ఉన్నాది.

అంతే, ఊరు ఊరంతా ఆవిడ పేరు మార్చీసినాది. నూకాలింటి దగ్గర్నుంచి నీళ్ళు తేవద్దు. నూకాలొస్తన్నాది, మాట ఆపండి. గాదెలో దాసినాను అని అప్ప సెప్తే పోలీసోళ్ళు ఆవిడ్ని పట్టుకుపోతారు, ఆవిడతో నన్నూ పట్టుకుపోతారు. సెప్పకపోతే పట్టించినాది అంటారు. నాను సెప్పీస్తానంటే నా నోరు మూసినాది, “నీకు పెళ్ళవాలే” అనీసి. గంగులు జైల్లోనే జరమొచ్చి పోనాడు. అప్ప పట్టించలేదని ఆడికి తెలీనే తెలీదు. ఆడు పోయినాక నాను ఇల్లిల్లూ తిరిగి సెప్పినాను, గాదె సూపించి సెప్పినాను. “అప్ప కాబట్టి అలాగంటావులే” అన్నారు. తర్వాత పుట్టిన పిల్లలకి బుల్లమ్మంటే ఎవరో తెల్దు. పోయిన రోజున కూడా “నూకాలమ్మ పోనాదంట” అన్నారు. నాను అరిసినాను. బుల్లమ్మ! బుల్లమ్మ అనండి! అనీసి. ఎవరింటారు.

ఓసారి అడిగినాను. అప్పా, ఆ ఇనస్పెట్రుని పంపించీడానికి అన్నావా, నిజంగానే నీకు నూకాలంటే ఇష్టమా? “రెండూనే” అన్నాది. “అందరికీ సరిపడిన మాటే సెప్పినాననుకున్నాను. గాదెలోంచి ఆడూ ఇంటన్నాడని మరిసిపోనాను.”

నువ్వు రేపు నీ భయం నేనోణ్ణే సెప్పు, ఎవర్నయినా సెప్పు, సప్పట్లు కొడతారు. నాను వద్దనను. గానీ పుస్తకం అక్కడెట్టి, నా మొకం సూసి ఒక్కటి సెప్పు. ఆ గాదెలో గోనెల కింద కూకున్నది నువ్వయితే, లాఠీ సప్పుడు ఆగిపోయినాక ఆ మాట ఇంటే, మాయప్పని నమ్మి అక్కడే ఉండీదానివా, బద్దలు కోసుకుని పారిపోయీదానివా?